వెనక బరువు, ముందు బకెట్టు

చిన్న ట్రాక్టరుకు ముందు లోడరు బిగించి ఉంటే చూసేవాళ్ల కళ్లన్నీ బకెట్టు మీదే ఉంటాయి. వేదాద్రి దారిలో ఓ మిర్చి రైతు దగ్గర అలాంటి బండి పని చేస్తుంటే నేను దాని వెనక చేరాను. మూడు లింకుల మధ్య, సగానికి కోసిన డ్రమ్ము ఒకటి వేలాడుతోంది. నిండా కాంక్రీటు. పోసేటప్పుడే లోపల ఇనప కడ్డీలు దింపి, లింకు పిన్నులు పట్టేలా చెవులు వెల్డింగ్ చేయించారు. 200 లీటర్ల డ్రమ్ములో సగం అంటే 100 లీటర్లు. లీటరు కాంక్రీటు దాదాపు 2.4 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ డ్రమ్ము 240 కిలోలు. అది నాగలి కాదు, గొర్రు కాదు, రోటవేటరు కాదు. చూడబోతే ఉత్త బరువు. ఆ బండిలో నాకు అన్నిటికన్నా ముందు నచ్చింది మాత్రం అదే.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 24, 25 హార్స్‌పవర్ల బుజ్జి ట్రాక్టరు ఒంటి బరువు 800 కిలోలు అనుకుందాం. అందులో 480 వెనక ఇరుసు మీద, 320 ముందు ఇరుసు మీద. రెండు ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. ముందు ఇరుసుకి 1.3 మీటర్ల అవతల బకెట్టులో 300 కిలోల తడిమట్టి పడగానే వెనక చక్రాల మీద నుంచి 260 కిలోలు లేచిపోతాయి. అక్కడ మిగిలేది 220. ముందు ఇరుసు మీద 880. లోడరు సొంత బరువు ఇంకా కలపనే లేదు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు ఉండేది వెనక చక్రాలకే. వెనక తేలిపోయిన బండి కృష్ణ ఒడ్డు వైపు వాలులో దిగుతుంటే తొక్కిన బ్రేకు ఏం పట్టుకుంటుంది?

ఇప్పుడు ఆ 240 కిలోల డ్రమ్మును వెనక ఇరుసుకి మీటరు దూరంలో వేలాడదీయండి. వెనక 240 కాదు, 400 కిలోలు పెరుగుతుంది. ముందు ఇరుసు మీద 160 తగ్గుతుంది. అంటే మొత్తం బండి బరువెక్కింది గానీ ముందు ఇరుసుకు మాత్రం ఊపిరి ఆడింది. వెనక 620, ముందు 720. పాతకాలం ఏతంలో ఒక కొసన బాన, రెండో కొసన మనిషి అటూ ఇటూ నడవడం ఎందుకో తెలిసిన ఊళ్లో ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

పైగా ఆ డ్రమ్ము తొడుక్కోవడానికి, విప్పడానికి మనుషుల సాయం అక్కర్లేదు. ఈ తరగతి ట్రాక్టర్లలో చాలావాటి వెనక హైడ్రాలిక్ లిఫ్టు 750 కిలోల దాకా లేపుతుంది. డ్రమ్మును ఒక చదునైన చోట దింపి, మూడు పిన్నులు లాగి, ముందుకు కదిలితే అయిపోయింది. దాని జాగాలో గొర్రు ఎక్కుతుంది.

ఆ మూడు లింకుల వెనక ఒక పెద్ద కథ ఉంది. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్‌ను మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1917లో, అక్కడి ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరచమని ప్రభుత్వం పురమాయించింది. అప్పటి ట్రాక్టర్లు నాగలిని గొలుసుకు కట్టి లాగేవి. నాగలి రాయికో వేరుకో తగిలి బిగిస్తే ఇంజను ఆగదు, చక్రం తిరగదు, ముందు భాగం గాల్లోకి లేచి బండి డ్రైవరు మీదకే తిరగబడేది. ఫెర్గూసన్ నాగలిని కింద రెండు లింకులతో, పైన ఒక లింకుతో ట్రాక్టరుకు అతికించాడు. నేల ఎంత గట్టిగా వెనక్కి లాగితే పైలింకు అంత గట్టిగా ముందుకు తోస్తుంది, వెనక చక్రాల మీద అంత బరువు పడుతుంది. 1936లో ఆ పద్ధతితో మొదటి ట్రాక్టరు అమ్మకానికి వచ్చింది. 1939లో ఫోర్డుతో కలిసి చేసిన బండి అమెరికా అంతా తిరిగింది. మన దగ్గర ‘మ్యాసీ’ అని పిలిచే బండి పూర్తి పేరులో రెండో సగం ఆయనే. అంతకు ముందు వాళ్లు ఇంజను బలం పెంచితే చాలనుకున్నారు. ఆయన బరువు ఎటు పోతోందో చూశాడు. కాంక్రీటు డ్రమ్ము వేలాడదీసిన మన రైతుకు ఆయన పేరు తెలిసినా తెలియకపోయినా పట్టింది ఆ సూత్రాన్నే.

ఇక ఈ బండి తిరిగే నేల సంగతి. వేదాద్రి అంటే బయటివాళ్లకు యోగానంద నరసింహస్వామి కొండ, కింద కృష్ణ. పైన పులిచింతల. కాగితాల్లో 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా, జనం నోట్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. పత్తి, మిర్చి, కంది, నీళ్లున్న చోట వరి, నందిగామ వైపు కాగితం మిల్లులకు పోయే సుబాబుల్. సాగర్ ఎడమ కాలవ నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే బోరు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండెకరాల ముప్పై సెంట్లకు కాస్త ఎక్కువ. అంత నేలకు ట్రాక్టరు ఎందుకు అనే ప్రశ్న సహజమే. దుక్కికైతే అద్దెకు దొరుకుతుంది, నిజమే. కానీ చిన్న కమతంలో మనిషి నడుం విరిచేది దుక్కి కాదు.

పెంటదిబ్బ తవ్వి ట్రక్కుకు ఎత్తాలి. చేలో కుప్పలు పోశాక చిమ్మాలి. మిర్చి ఎండబోసే కల్లం చదును చేయాలి. వానకు డొంక కోసుకుపోయిన చోట పూడ్చాలి. గట్టు తెగిన చోట నాలుగు తట్టలు కాదు, నలభై తట్టల మట్టి పడాలి. పత్తికట్టె ఒక పక్కకు చేర్చాలి, డీఏపీ బస్తాలు రోడ్డు మీద నుంచి కొట్టం దాకా రావాలి, మిర్చి టిక్కీలు కొట్టం నుంచి రోడ్డు మీదకు పోవాలి. ఇవి ఒక్కోటీ అరపూట పని. కూలీలు దొరికితే ఆ అరపూటే, దొరక్కపోతే నెల. అరగంట పని ఉంది రమ్మంటే జేసీబీవాడు రాడు. వచ్చినా గంటకు తక్కువ తీసుకోడు, అది తిరగాలంటే రెండు మిర్చి సాళ్లు వదులుకోవాలి. ఈ చిల్లర పనుల్లోకి మీటరుకు కాస్త అటూ ఇటూ వెడల్పున్న బండి దూరితే ఆ ఇంటి క్యాలెండరే మారిపోతుంది.

ఇక బకెట్టు దగ్గరకు వద్దాం. లోడరు చేతులను లేపేవి రెండు సిలిండర్లు. ఒక్కోదాని లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉందనుకుంటే పిస్టన్ ముఖం 19.6 చదరపు సెంటీమీటర్లు. 150 బార్ ఒత్తిడిలో ఒక్కో సిలిండరు తోపు దాదాపు 3 టన్నులు. రెండూ కలిస్తే 6 టన్నులు. అంత తోపున్న లోడరు పైదాకా ఎత్తగలిగేది 300, 400 కిలోలే. కారణం, సిలిండరు చేతిని పట్టుకున్న చోటు కీలుకు దగ్గర, బకెట్టు ఉన్నది రెండు మీటర్ల దూరం. సిలిండరు కడ్డీ 35 సెంటీమీటర్లు బయటికి వస్తే బకెట్టు రెండు మీటర్ల పైకి లేస్తుంది. బలం పోసి ఎత్తును కొనుక్కుంటున్నామన్నమాట. కొనుక్కోక తప్పదు, ట్రక్కు అంచు దాటించాలిగా. సిలిండర్లు రెండూ నిండడానికి పట్టే నూనె లీటరున్నర లోపే. నిమిషానికి 20 లీటర్లు తోసే పంపుకి అది నాలుగైదు సెకన్ల పని.

బకెట్టు ఎంత ఉండాలి అన్న చోటే చాలామంది ఆశకు పోతారు. 200 లీటర్ల బకెట్టులో మాగిన పశువుల ఎరువు 120 కిలోల దగ్గర తూగుతుంది. అదే బకెట్టులో తడిసిన నల్లరేగడి 350 కిలోలు. ఎరువు ఎత్తినప్పుడు పెద్ద బకెట్టు ఉంటే బాగుండుననిపిస్తుంది, మట్టి ఎత్తినప్పుడు ఇదే ఎక్కువనిపిస్తుంది. నేను చూసిన బకెట్టు సరిపడా ఎరువు పట్టేంత పెద్దదే గానీ, నిండా మట్టి పోస్తే బండి భరించలేనంత పెద్దది కాదు. పని తెలిసినవాడు చేయించిన కొలత. అడుగు రేకు ముందంచుకు గట్టి ఉక్కు పట్టీ ఒకటి అతికించి ఉంది. అరిగితే పట్టీ మారుతుంది, బకెట్టు మారదు. మడమ కింద కూడా రెండు అరుగుడు పట్టీలు. మూలల్లో రేకు కలిసే చోట వెల్డింగ్ లోపలి వైపు పలచగా, నున్నగా నడిచింది. అక్కడ ముద్దలు కట్టి ఉంటే తడి పేడ అంటుకుని బకెట్టు గుమ్మరించినా సగం లోపలే ఉంటుంది. ట్రక్కులూ కేజ్ వీల్సూ చేసే షాపులో ఆ చేతి నేర్పు ఎవరిదో గానీ, ఆ నాలుగు మూలల కోసమే అక్కడికి పోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైన పనితనం కంటికి ఆనని చోట ఉంది. కారుకు ఉన్నట్టు ట్రాక్టరుకు కింద చాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అదే దాని వెన్నెముక. పోత ఇనుముతో చేసిన ఆ డబ్బాలు అదుము ఎంతైనా ఓర్చుకుంటాయి, మెలితిప్పుడు ఓర్చుకోవు. చవకగా చేసిన లోడర్లలో నిలువు స్తంభాలను తెచ్చి నేరుగా క్లచ్ హౌసింగ్ బోల్టులకు తగిలిస్తారు. కొత్తలో బ్రహ్మాండంగా ఎత్తుతుంది. బకెట్టు ఒక మూల రాయికి తగిలిన ప్రతిసారీ ఆ కుదుపంతా బండి నడుం మీదే పడుతుంది. ఒకరోజు నూనె చెమ్మ కనిపిస్తుంది. తుడిచి చూస్తే వెంట్రుకంత పగులు. ఇక్కడ అలా లేదు. స్తంభాల పాదాల నుంచి ఇంజను ముందున్న బ్రాకెట్టు దాకా ఒక దూలం, వెనక ఇరుసు గొట్టాల దాకా ఇంకో దూలం, రెండు పక్కలా నడిచాయి. బకెట్టు తిన్న దెబ్బ ఇంజను కిందుగా ఆ దూలాల వెంట పోయి వెనక ఇరుసులో దిగుతుంది. కొనేవాళ్లు ఎంత ఎత్తుతుంది అని అడుగుతారు. ఏ బోల్టులకు బిగించావు అని అడగాలి. నా మటుకు నేను మోకాళ్ల మీద కూర్చుని కిందకు చూడకుండా లోడరు మీద ఒక్క మంచి మాట కూడా రాయను.

గేదెల పాకలోకి బండి దూరింది. రెండు గుంజల మధ్య దారి, ఇటు జానెడు అటు జానెడు ఖాళీ. నేల మీద నాపరాళ్లు పరిచారు, ఒకటి పైకి, ఒకటి కిందికి. రాత్రి పేడ, నలిగిన చొప్ప, తడి కలిసి అరచెయ్యి మందాన పరుచుకుని ఉంది. కుడిచేతి దగ్గర ఒకే లివరు. వెనక్కి లాగితే చేతులు లేస్తాయి, ముందుకు తోస్తే దిగుతాయి. ఎడమకు బకెట్టు మడుస్తుంది, కుడికి గుమ్మరిస్తుంది. ఆ రైతు బకెట్టు నేలకు ఆనించి, లివరును ముందుకు ఇంకాస్త గట్టిగా తోశాడు. టక్కుమని గాట్లో పడింది. ఫ్లోట్ అంటారు దాన్ని. ఆ గాట్లో ఉన్నంతసేపు సిలిండరు రెండు వైపుల నూనెకూ ట్యాంకు దారి తెరిచే ఉంటుంది. బకెట్టును ఎవరూ పట్టుకోరు, ఎవరూ అదమరు. తన బరువుతో తాను నేల మీద కూర్చుంటుంది. రాయి లేచిన చోట లేస్తుంది, కుంగిన చోట కుంగుతుంది. పేడ ముందుకు చేరుతుంది, నాపరాయి అంచు చెదరదు.

అయినా రాళ్ల కీళ్ల దగ్గర పట్టీ తగులుకోవచ్చు. అందుకని బకెట్టు ముక్కును వెంట్రుకవాసి పైకి మడిచి, మడమ మీద జారనిచ్చాడు. ఆ మడత రెండు వేళ్లు ఎక్కువైతే కింద పేడ మిగులుతుంది, తక్కువైతే రాయి లేస్తుంది. కొలవడానికి మీటరేదీ లేదు. బకెట్టు పైఅంచు మీద ఒక ఇనప ముక్క వెల్డింగ్ చేయించుకున్నాడు, సీట్లో కూర్చుంటే అది గాడి కట్ట అంచుతో సమంగా కనిపించాలి. అంతే అతని లెక్క.

“అంత నెమ్మది దేనికి బాబాయ్, గేదెలు బయటే ఉన్నాయిగా?” అన్నాను.

“బండి తొందరపడొచ్చయ్యా, గుంజ తొందరపడదుగా” అన్నాడు, తల తిప్పకుండానే. “ఒక్కసారి తగిలిందంటే పాక మొత్తం ఒంగుద్ది.”

దిబ్బ దగ్గర అతని పద్ధతి ఇంకా బాగుంది. కొత్తవాళ్లు దూరం నుంచి ఊపు మీద వచ్చి కుప్పలో గుద్దుతారు, చక్రాలు జారతాయి, క్లచ్ కాలుతుంది. ఇతను చిన్న గేరులో, దిబ్బకు ఎదురుగా నిటారుగా వచ్చి, బకెట్టు అడుగును నేలకు సమంగా పెట్టి లోపలికి నెట్టాడు. ఇంజను గొంతు కాస్త బరువెక్కగానే నెట్టడం ఆపకుండా బకెట్టును మడవడం మొదలుపెట్టాడు. మడిచేకొద్దీ ముక్కు పైకి చీల్చుకుంటూ వస్తుంది, ఎరువు తనంత తానే లోపలికి జారుతుంది. చక్రం ఒక్కసారి కూడా ఊరికే తిరగలేదు. నిండాక బకెట్టును మోకాలి ఎత్తుకన్నా పైకి లేపకుండా వెనక్కి వచ్చాడు. ట్రక్కు పక్కకు చేరి, బండి పూర్తిగా ఆగాకే పైకి లేపాడు. ఎత్తిన బకెట్టుతో మలుపు తిప్పడం, ఎత్తిన బకెట్టు కిందుగా మనిషి పోవడం, ఈ రెండూ అతని దగ్గర నిషేధం. హోసు పగిలిందంటే బకెట్టు మాట చెప్పి దిగదు. నిండు బకెట్టుతో మెరక ఎక్కేటప్పుడు ముందుకు, పల్లం దిగేటప్పుడు వెనక్కి. బరువెప్పుడూ మెరక వైపే ఉంటుంది. దిగేటప్పుడు ఫోర్‌వీల్ వేస్తాడు, అప్పుడు వెనక బ్రేకు పట్టు ముందు చక్రాలకూ అందుతుంది.

ఇరుకు పాక, తడి ఎరువు, గుంజలు. లోడర్ల చరిత్రలో ఒక పెద్ద మలుపుకు ఇవే కారణం. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక టర్కీకోళ్ల రైతుకు షెడ్డులో ఎరువు ఎత్తడం పెద్ద తలనొప్పి అయింది. మధ్యలో స్తంభాలు, రెండో అంతస్తు, పెద్ద ట్రాక్టరు పట్టదు. కెల్లర్ అనే ఇంటిపేరుగల సిరిల్, లూయిస్ అన్నదమ్ములు, ఊళ్లో రిపేరు షాపు నడుపుకునేవాళ్లు, అతనికి మూడు చక్రాల చిన్న లోడరు చేసి ఇచ్చారు. నిలబడ్డ చోటే గిర్రున తిరిగే బండి. మెల్రో అనే కంపెనీ దాన్ని తీసుకుంది, నాలుగు చక్రాలు వచ్చాయి, 1962లో బాబ్‌క్యాట్ అని పేరు పెట్టారు. ఇవాళ ఇళ్ల పునాదుల దగ్గర, రోడ్ల పనుల్లో కనిపించే ఆ జాతి యంత్రాల మూలం కోళ్ల షెడ్డులో ఉంది.

మన దగ్గర చిన్న ట్రాక్టరు వచ్చిన దారి వేరు. ద్రాక్షతోటలు, పత్తి సాళ్లు, కూరగాయల మళ్లు, వాటి మధ్య అంతరకృషి కోసం వచ్చింది. లోడరు ఆలోచన తర్వాతిది. అమెరికాలో 1994లో కొట్టు తెరిచిన మహీంద్రా అక్కడ ఇదే పరిమాణం బండ్లను లోడరుతో కలిపి అమ్ముతుంది. టెక్సస్‌లో ఐదెకరాలు కొనుక్కున్న మనవాళ్లకు లోడరు లేని ట్రాక్టరు అంటేనే వింత. జహీరాబాద్ ఫ్యాక్టరీలో తయారై 2023 ఆగస్టులో బయటికొచ్చిన మహీంద్రా ఓజా శ్రేణి జపాన్ మిత్సుబిషితో కలిసి రూపొందించినది. అన్నీ ఫోర్‌వీల్, చిన్నది 21 హార్స్‌పవర్. గేరు మార్చే పని లేకుండా ముందుకూ వెనక్కీ పోయే షటిల్ లివరు వాటి ప్రత్యేకత. లోడరు పనిలో సగం కాలం ముందుకు వెనక్కి తిరగడమే కాబట్టి ఆ లివరు విలువ దున్నేవాడికన్నా ఎరువు ఎత్తేవాడికి ఎక్కువ తెలుస్తుంది. మన డీలర్ల దగ్గర మాత్రం లోడరు అడిగితే ఇప్పటికీ చాలాచోట్ల పై ఊరి ఫోను నంబరే చేతికిస్తారు.

2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి, కృష్ణ పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఈ ప్రాంతాన్ని ఎలా తొక్కిందో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. నీళ్లు తీశాక ఏటి వార చేలల్లో మిగిలేది ఇసుక మేట. పెద్ద యంత్రం మేట తీస్తుంది, దానితోపాటు జానెడు పైమట్టిని కూడా తీస్తుంది. తడినేలను తొక్కి తొక్కి గట్టిపరుస్తుంది. అలాంటి చోట చిన్న లోడరు ఎలా పనిచేయాలో ఈ రైతు చేతులతో చూపించాడు. ముందు ఒక మూల పారతో నేల రంగు తేలేదాకా తవ్వి చూసుకుంటాడు. మేట జానెడు ఉంటే మొదటి వరస నాలుగు వేళ్లే తీస్తాడు. రెండో వరసకు ఫ్లోట్ వాడడు. ఫ్లోట్‌లో బకెట్టు ఇసుకను వదిలి మెత్తటి నల్లమట్టిలోకి దిగబడుతుంది. అక్కడ లివరును చేతిలోనే పట్టుకుని, బకెట్టు వెనక గీత ఎటు వంకర పోతోందో మెడ తిప్పి చూస్తూ వేలెడు వేలెడుగా దించుతాడు. ఇసుకలో పట్టీ గరగర చప్పుడు చేస్తుంది. రేగడి తగలగానే ఆ చప్పుడు ఆగిపోతుందట. ఆగిన చోట లేపాలి.

చెట్టు మొద్దు పెకలించమంటే దీనివల్ల కాదు. చెరువు పూడిక తీయమన్నా కాదు. ఆ రెండింటికీ జేసీబీనే పిలవాలి, అతనూ పిలుస్తాడు. కీళ్లకు మాత్రం పని ఉన్న ప్రతి పొద్దునా గ్రీజు కొడతాడు, కొత్త గ్రీజు బుష్షు అంచున సన్నగా చుట్టూ పొడుచుకొచ్చేదాకా. ఒక నిపుల్ మూసుకుపోయి ఉంటే సూదితో పొడిచి, డీజిలు చుక్క వేసి, మళ్లీ గన్ను పెట్టాడు. అది తెరుచుకున్నాక గానీ తాళం చెవి తిప్పలేదు.